పాత జీపు కొన్నాక మొదటి పని ఏది? మూడు దారులు, నా ఎంపిక

పాత సీజే3బీ జీపు ఇంటి ముందు ఆగిన మొదటి వారంలోనే ముగ్గురు మనుషులు మూడు సలహాలు ఇస్తారు. తుప్పు పట్టిన బాడీ తీసేసి కొత్తది దింపుదాం అంటాడు టింకరింగ్ మేస్త్రి. ఈ పెట్రోలు ఇంజినును పోషించలేరు, డీజిలు వేసేద్దాం అంటాడు మెకానిక్కు. పాత వాహనాలంటే ప్రాణం పెట్టే స్నేహితుడు ఒక్క బోల్టు కూడా మార్చవద్దంటాడు. ముగ్గురూ తమ అనుభవం నుంచే చెబుతారు. చిక్కు ఏమిటంటే, ఒక దారిలో కొంత దూరం వెళ్లాక వెనక్కి రావడం కష్టం. కోసిన ఛాసిస్ (బండి అడుగు చట్రం) మునుపటిలా అతకదు. తుక్కు కింద తూకానికి అమ్మేసిన ఇంజిను మళ్లీ చేతికి రాదు.

అందుకే నా మాట ముందే చెబుతున్నాను. బండి తొక్కిన చోట ఆగాలి, తిప్పిన వైపు తిరగాలి, వేడెక్కకుండా, కారకుండా నడవాలి. ఈ మూడూ కుదిరే వరకు రంగు డబ్బా మూత తీయవద్దు. అలా ఒక ఆరు నెలలు నడిపితే ఆ జీపుతో మీకు నిజంగా ఏం పని ఉందో తెలుస్తుంది. పెద్ద నిర్ణయాలన్నీ అప్పటికి వదిలేయండి.

ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా మహీంద్రా సీజే3బీ గురించి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మహీంద్రా సంస్థ అమెరికా విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించేది. తర్వాత ఇక్కడే తయారు చేసింది. సీజే3బీ అమెరికాలో 1953లో వచ్చి 1968 వరకు నడిచింది. ఎత్తైన బానెట్టే దాని గుర్తు. తహసీల్దారు వచ్చినా, అటవీ అధికారి వచ్చినా మన ఊళ్లకు ఎక్కువగా ఈ బండిలోనే వచ్చేవారు. ఆ తర్వాతి ఎంఎం540 జీపుకు కూడా బ్రేకులు, కాగితాలు, బాడీ గురించి చెప్పేవి చాలావరకు వర్తిస్తాయి.

స్పానర్ కంటే ముందు కాగితాలు

ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిను బ్లాకు మీది నంబరు, ఆర్సీలోని నంబర్లు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఛాసిస్ నంబరు ఉన్న చోట గ్రీజు గీకి, వైరు బ్రష్షుతో రుద్ది, పగటి వెలుతురులో ఫోటో తీసుకోండి. అంకెల చుట్టూ వెల్డింగు మచ్చ ఉన్నా, ఆ ముక్క మిగతా రేకు కంటే కొత్తగా మెరుస్తున్నా పని ఆపేసి ముందు ఆ సంగతి తేల్చుకోండి. హర్యానాలోని మండీ డబ్వాలీ వంటి ఊళ్లలో జీపు బాడీలను సరికొత్తగా కట్టడం పెద్ద వృత్తి. చేతిపని బాగుంటుంది. కానీ కొత్తగా కట్టిన బండికి పాత జీపు కాగితాలు తగిలించి అమ్మేవారూ ఉంటారు. ఆ బండిని ఎంత అందంగా తీర్చినా తనిఖీలో నిలబడదు. సైన్యం వేలంలో కొన్న బండి అయితే వేలం పత్రాలు అసలువి మీ చేతికి రావాలి. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిలు బండ్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకుండా ఆంక్షలు వచ్చాక అక్కడి పాత బండ్లు దక్షిణాదికి చాలా వచ్చాయి. అలాంటిది కొంటే, ఎన్‌ఓసీ (అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం) మీద మీ జిల్లా రవాణా కార్యాలయం తిరిగి రిజిస్టర్ చేస్తుందో లేదో డబ్బు ఇవ్వకముందే అడిగి తెలుసుకోవాలి.

రిజిస్ట్రేషన్‌లోనే మొదటి పెద్ద ఎంపిక ఉంది. మామూలు ఆర్సీని ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవడం ఒక పద్ధతి. రెండోది వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనానికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా తీసుకుంటే 20,000 రూపాయలు, తర్వాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది. వినడానికి బాగుంటుంది కానీ షరతులు చదవండి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజినులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం పోయించుకోవడం, మరమ్మతు వంటి పనులకు తప్ప రోడ్డెక్కించకూడదు. తోటకు వెళ్లిరావాలి, ఆదివారం పిల్లలను నాగార్జునసాగర్ తీసుకెళ్లాలి అనుకునేవారికి ఇది పనికిరాదు. వారు మామూలు ఆర్సీనే కాపాడుకోవాలి. ప్రదర్శనలకే ఉంచుతాం అనేవారు మాత్రం ఈ రోజు నుంచే ప్రతి మార్పునూ ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఇంజిను: హరికేన్‌ను ఉంచాలా, డీజిలు వేయాలా?

సీజే3బీలో వచ్చేది హరికేన్ అనే నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిను. 2.2 లీటర్లు, సుమారు 72 అశ్వశక్తి. గాలి, పెట్రోలు లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, పొగ బయటికి పోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ఈ అమరిక వల్ల ఇంజిను ఎత్తు పెరిగింది, దాన్ని ఇమడ్చడానికే బానెట్ అంత ఎత్తు పెట్టారు. ఈ జీపు ముఖానికి ఆ రూపం ఇచ్చిందే ఆ ఇంజిను. దాన్ని తీసేయాలనుకున్నప్పుడల్లా నేను ఈ విషయం గుర్తు చేసుకుంటాను.

డీజిలు పక్షాన చెప్పే మొదటి వాదన మైలేజీ. అది నిజమే. నా హరికేన్ లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు ఇస్తుంది, డీజిలు వేసిన జీపు అంతకంటే బాగా ఎక్కువ ఇస్తుంది. రెండో వాదన విడిభాగాలు. అదీ నిజమే. ఎంఎం540లో వచ్చిన ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజినుకు గానీ, బొలెరోలో వచ్చిన 2,523 సీసీ డీఐ ఇంజినుకు గానీ సామాను చిన్న పట్టణంలో కూడా దొరుకుతుంది. మూడో వాదన బలం. ఇక్కడ కొంచెం ఆగాలి. ప్యూజో డీజిలు 2,112 సీసీ, దాదాపు 62 అశ్వశక్తి. అంటే ఉన్న పెట్రోలు ఇంజిను కంటే తక్కువే. మీ జీపు కొండ ఎక్కలేకపోతోందంటే కారణం ఎక్కువసార్లు అరిగిన రింగులు, మూసుకుపోయిన కార్బురేటరు, తప్పిన టైమింగులో ఉంటుంది. జబ్బు పడ్డ హరికేన్‌ను ఆరోగ్యంగా ఉన్న డీజిలుతో పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇంకో లెక్క కూడా వేయాలి. డీజిలు ఇంజిను బరువు ఎక్కువ. ముందు కమాను కట్టలు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది. గేరుబాక్సును, క్లచ్చును, మౌంటింగులను, రేడియేటరును దానికి తగ్గట్టు మార్చాలి. ఇంజిను ఒక్కటే అని మొదలైన పని బండిలో సగం దాకా పాకుతుంది. రవాణా కార్యాలయం ముందస్తు అనుమతి లేకుండా ఇంజిను మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కుదరదు. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అనుమతి లేకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కూడా అనుమానమే.

కాబట్టి ఇలా చేయండి. ముందుగా నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతున్నాయో చూపించండి. నాలుగూ తగినంత ఉండి, దగ్గర దగ్గరగా ఉంటే హెడ్డు కూడా దించనక్కర్లేదు. కార్బురేటరు, పాయింట్లు, ప్లగ్గులు, టైమింగు సరిచేస్తే చాలు. ఒకటి బాగా పడిపోయి ఉంటే ఆ సిలిండర్‌లోకి చెంచాడు నూనె పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగుల అరుగుదల, పెరగకపోతే వాల్వుల లోపం. బోరింగు చేయించాల్సి వచ్చినా, క్రాంకు గ్రైండింగు చేయించాల్సి వచ్చినా విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో పాత లేత్ మేస్త్రులు ఇప్పటికీ ఉన్నారు. మంచి చేతిలో పడితే ఇంజిను మార్పిడికి అయ్యే మొత్తం ఖర్చు కంటే ఇది తక్కువలోనే ముగుస్తుంది.

హరికేన్‌ను ఉంచుకునేవారు ఈ కాలపు పెట్రోలుకు దాన్ని సిద్ధం చేయాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చి ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంవి వేయించండి. పంపులోని డయాఫ్రం, కార్బురేటరు గ్యాస్కెట్లు మార్పించండి. ఒక ఫిల్టరు అదనంగా పెట్టించండి. బండిని నెలల తరబడి నిలిపి ఉంచవద్దు. ఈ జీపులో ట్యాంకు ఉండేది డ్రైవరు సీటు కిందే, కనుక పెట్రోలు వాసన వస్తోందంటే తేలిగ్గా తీసుకోకండి. మే నెల ఎండలో ఆగి ఆగి నడిచే జీపుల్లో చాలావరకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇబ్బంది పెడుతుంది. గొట్టాన్ని సైలెన్సరు మానిఫోల్డుకు దూరంగా జరిపి, మధ్యలో ఒక రేకు అడ్డు పెడితే తేడా కనిపిస్తుంది. రేడియేటరును విప్పి కడిగిస్తే ఇంకా మంచిది.

హైవే మీద 90 వేగంతో వెళ్లాలన్నదే మీ కోరిక అయితే, నిజాయితీగా చెబుతున్నాను, ఇది ఆ పనికి పుట్టిన బండి కాదు. మూడు గేర్లు, 5.38 యాక్సిల్ నిష్పత్తి, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిను నుంచి వచ్చే షాఫ్టు ఐదుసార్లకు పైగా తిరగాలి. పొలం గట్టు మీద ప్రాణంలా నడుస్తుంది గానీ 70 దాటితే ఇంజిను అరుస్తుంది. డీజిలు వేయించే డబ్బు, ఈ జీపును అమ్మితే వచ్చే డబ్బు కలిపి మంచి మారుతీ జిప్సీ కింగ్ కొనుక్కోండి. దానికి 1.3 లీటర్ ఇంజిను, ఐదు గేర్లు ఉన్నాయి. ఈ జీపు దీని విలువ తెలిసిన ఇంకొకరి చేతికి వెళ్తుంది.

బ్రేకులు, స్టీరింగు: ఇక్కడ ఎంపిక లేదు

నేను కొన్న జీపుకు మొదట రంగు వేయించాను. బ్రేకులు పడుతున్నాయి కదా అనుకున్నాను. నెల తిరక్కముందే అరకు ఘాట్ దిగుతుండగా వెనక చక్రంలో వీల్ సిలిండరు (బ్రేకును నొక్కే చిన్న పంపు) కారిపోయి పెడల్ ఒక్కసారిగా నేలకు తాకింది. హ్యాండ్ బ్రేక్ లాగితే అదీ పట్టలేదు. రెండో గేరులోకి దింపి, ఇంజిను పట్టు మీద బండిని కొండవైపు మట్టిలోకి ఎక్కించి ఆపాను. పక్క సీట్లో మా నాన్న ఉన్నారు.

ఎందుకలా జరిగిందో తర్వాత కూర్చుని అర్థం చేసుకున్నాను. ఈ జీపులో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేకు లైను. ఎక్కడో ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి. హ్యాండ్ బ్రేక్ చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) వెనక ఒక చిన్న డ్రమ్ములో ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు సీలు పాడైతే నూనె నేరుగా ఆ డ్రమ్ములోకే వెళ్తుంది. నూనె తాగిన బ్రేకు పట్టదు. రెండు లోపాలూ నా జీపులో ఎప్పటి నుంచో ఉన్నాయి, కొత్త రంగు మెరుపులో నేను చూడలేదు.

ఇక్కడ పోల్చి చూసుకోవలసింది ఎంత వరకు మార్చాలన్నదే. కనీస పని ఏమిటంటే వీల్ సిలిండర్లు, హోసులు, బ్రేకు గొట్టాలు, లైనర్లు అన్నీ కొత్తవి వేయడం, డ్రమ్ములు లేత్ మీద సరిచేయించడం, ట్రాన్స్‌ఫర్ కేసు సీలు మార్చడం. దీనికి పై మెట్టు రెండు విభాగాల మాస్టర్ సిలిండరు, అంటే పెడల్ తొక్కితే బ్రేకు నూనెను చక్రాలకు తోసే పంపు. ముందు చక్రాలకు ఒక లైను, వెనక చక్రాలకు ఒక లైను విడిగా ఉంటే ఒకటి కారినా రెండోది బండిని ఆపుతుంది. నా సలహా ఇదే. ఇది నేల కిందే ఉంటుంది, జీపు రూపం చెడదు. డ్రమ్ము బ్రేకులకు తగిన రకమే కొనాలి. ఇంకా పై మెట్టు ముందు చక్రాలకు డిస్కులు. తడిలో బాగా పడతాయి, నీళ్లలో దిగినా త్వరగా తేరుకుంటాయి. కానీ ఈ బండి వేగానికి, బరువుకు సరిగ్గా పనిచేసే డ్రమ్ములు సరిపోతాయి. డీజిలు వేసి వేగం పెంచినవారికైతే డిస్కులు తప్పనిసరి.

స్టీరింగులో ఆట ఉంటే అందరూ ముందు స్టీరింగు బాక్సును బిగిస్తారు. అలా బిగించి బిగించి లోపలి భాగాలు అరగదీస్తారు. ఈ జీపులో ముందు అడ్డ ఛాసిస్ మీద బెల్ క్రాంకు అని ఒక మూల ముక్క ఉంటుంది, స్టీరింగు లాగుడు దాని ద్వారానే చక్రాలకు వెళ్తుంది. దాని పిన్ను, బేరింగులు అరిగితే స్టీరింగు అంగుళాల కొద్దీ ఖాళీగా తిరుగుతుంది. బండి ముందు ఒకరు కూర్చుని చూస్తుండగా ఇంకొకరు స్టీరింగు తిప్పితే ఏ కీలు దగ్గర కదలిక ఆగిపోతోందో అక్కడే లోపం దొరుకుతుంది. యాభై వేగంలో గుంత తగలగానే స్టీరింగు చేతిలో వణికిపోతోందంటే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగులు చూపించండి. టైరు బ్యాలెన్సింగుతో అది పోదు. కమాను కట్టల బుష్షులు, షాకిల్స్ (కట్టను ఛాసిస్‌కు తగిలించే కొక్కేలు) ఎలాగూ మార్చాల్సిందే, ఆ ఖర్చు చిన్నదే.

గేరుబాక్సులో, ట్రాన్స్‌ఫర్ కేసులో జీఎల్-4 రకం 90 నూనె పోయించండి. ఏదైనా ఒకటే అని జీఎల్-5 పోస్తే లోపలి ఇత్తడి రింగులు పాడయ్యే ప్రమాదం ఉంది. మొదటి గేరుకు సింక్రో (గేరు పళ్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేదు కనుక బండి పూర్తిగా ఆగాకే వేయాలి. గీరుమనే చప్పుడు వచ్చిందని గేరుబాక్సు దింపించుకున్నవారిని చూశాను.

టైర్లు, వైరింగు

అసలు కొలత 6.00-16. సన్నగా ఉంటాయి. వెడల్పు టైర్లు వేస్తే జీపు గంభీరంగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఈ బండికి పవర్ స్టీరింగు లేదు. నిలబడిన చోట తిప్పడానికి భుజాలు నొస్తాయి, కింగ్ పిన్లు, హబ్బు బేరింగులు త్వరగా పోతాయి. పైపొర బురద కింద గట్టి నేల ఉన్న మన దారుల్లో సన్న టైరు బురదను కోసుకుంటూ గట్టి నేలను అందుకుంటుంది. పొడి ఇసుకలో మాత్రం వెడల్పు టైరుదే పైచేయి. బాపట్ల తీరంలోనే తిరిగేవారికి అది వేరే లెక్క. ఏది వేసినా నాలుగూ ఒకే కొలతవి, ఒకే అరుగుదలవి ఉండాలి. ముందు, వెనక యాక్సిల్స్ మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) లేదు కనుక పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకూడదు.

వైరింగుకు నేను పాతదాన్ని అతుకులు వేసి కాపాడమని చెప్పను. బట్ట చుట్టిన పాత వైర్లు, ఫ్యూజులు లేని లైట్లు, సీటు కింద పెట్రోలు ట్యాంకు, ఈ మూడూ కలిసి ఉండకూడదు. పన్నెండు వోల్టుల కొత్త హార్నెస్సు (వైర్ల కట్ట), ఫ్యూజు బాక్సు, బ్యాటరీకి కట్ ఆఫ్ స్విచ్చు వేయించండి. ప్రదర్శనకు ఉంచేవారు బ్యాటరీని ఛార్జి చేసే పాత డైనమో ఉంచుకోవచ్చు. రాత్రిళ్లు నడిపేవారికి ఆల్టర్నేటరే మేలు, బండి నెమ్మదిగా నడుస్తున్నప్పుడు కూడా ఛార్జింగు ఇస్తుంది.

బాడీ, చివరగా రంగు

ఒక అయస్కాంతం తీసుకుని బాడీ అంతా తిప్పండి. అంటుకోని చోటల్లా రేకు బదులు లప్పం ఉందని అర్థం. తర్వాత బండి కిందికి దూరి నేలను మోసే అడ్డ చానళ్లను స్క్రూడ్రైవరుతో పొడవండి. తుప్పు మొదలయ్యేది అక్కడే. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలిలో తిరిగిన బండికీ అనంతపురం ఎండలో నిలబడ్డ బండికీ ఈ ఒక్క చోటే తేడా తెలిసిపోతుంది.

నేల, చానళ్లు పోయి పక్క రేకులు గట్టిగా ఉంటే ఆ భాగం వరకే కోసి కొత్త రేకు అతికించడం మంచిది. పక్కలు, వెనక మూలలు, కాళ్లు పెట్టే చోటు అన్నీ పోయి ఉంటే కొత్త బాడీయే చవక, ఎందుకంటే అతుకు మీద అతుకు వేసిన రేకు రెండు వానాకాలాలకు మించి నిలబడదు. కొత్త బాడీ కొనేముందు రేకు మందం, తలుపుల కొలత, బానెట్ వాలు మీ పాతదానితో సరిచూసుకోండి. పాత బాడీ మీది కంపెనీ ప్లేట్లు భద్రంగా విప్పి దాచండి. ఇసుకతో తుప్పు ఎగరగొట్టే పని ఛాసిస్‌కు బాగుంటుంది, బానెట్ వంటి పలచని రేకులు ఆ వేడికి, దెబ్బకు ఉబ్బిపోతాయి. వాటికి మందు రాసి చేత్తో గీకించడమే మేలు. అతుకు పూర్తయ్యాక చానళ్ల లోపల మైనం కొట్టించి, నీళ్లు కారే రంధ్రాలు తెరిచి ఉంచాలి.

రంగు విషయంలో రెండు మార్గాలు. గీకి, ప్రైమరు కొట్టి, కొత్తగా వేయడం ఒకటి. ఉన్న రంగును కడిగి, తుప్పు ఆపే మందు రాసి, మిగిలింది మిగిలినట్టు ఉంచుకోవడం రెండోది. రేకు బయటపడి తుప్పు తింటున్న బండికి మొదటిదే సరైనది. రంగు వెలిసిపోయినా రేకు గట్టిగా ఉన్న బండికి రెండోది చేయండి, కనీసం ఆ ఆరు నెలలు. నా జీపు కొన్నప్పుడు డ్రైవరు పక్క రేకు మీద తెల్ల అక్షరాల జాడ ఉండేది. ఏదో ప్రభుత్వ శాఖ పేరు, దాని కింద ఊరి పేరు. రెండో అక్షరం దాకా చదవగలిగేవాణ్ని. రంగు వేసే ముందు మేస్త్రి అడిగాడు, ఇది ఉంచమంటారా అని. గీకేయమన్నాను. ఫోటో కూడా తీయలేదు.